ఆఖరి వరుసలో సరోజన ఇల్లు

ముప్పై ఏళ్లకు పైగా తీగలు లాగి బతికాను. మొదట రాగి తీగ, తర్వాత ఫైబర్ అనే గాజు తీగ. ఊరందరికీ కనెక్షన్లు ఇచ్చాను గాని, నాకంటూ పైన పెద్ద కనెక్షన్లు లేకపోవడం వల్ల చేరిన కుర్చీకి దగ్గరి చుట్టమైన కుర్చీలోనే రిటైరయ్యాను.

ఈమధ్య మా వైపు పిల్లలు ఇంటర్నెట్ పనిలో చేరే ముందు వచ్చి, "సార్, ఏం చదువుకోవాలె?" అని అడుగుతున్నారు. చదవాల్సింది యంత్రంతో పాటు వచ్చే పుస్తకంలో ఉంటుంది. అందులో లేనిది ఇక్కడ రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. రాయాలంటే ముందు అవి వచ్చి ఉండాలి.

మెరుపు కాల్

నా మొదటి ఉద్యోగం బెల్లంపల్లి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. అప్పుడు వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసుకోవాలి. అందులో మూడు రకాలు: మామూలు, అర్జంటు, మెరుపు. మెరుపుకు ధర ఎక్కువ. అది వచ్చిందంటే మిగతావన్నీ పక్కకు జరిగి సలాం కొట్టాలి.

బొగ్గు కాంట్రాక్టరు ఒకాయన రోజూ పొద్దున మెరుపు కాల్ బుక్ చేసేవాడు. కరీంనగర్‌లో ఉన్న భార్యను ఆయన అడిగే మాట ఒక్కటే: "ఇయ్యాల ఏం కూర?" ఆమె "ఇంకా తేలే" అనేది. ఆయన పెట్టేసేవాడు. మళ్లీ మధ్యాహ్నం ఇంకో మెరుపు, కూర తేలిందా లేదా అని. అంతసేపూ మామూలు కాల్ బుక్ చేసుకున్న గని కార్మికులు బెంచీ మీద వరుసగా కూర్చొని, ఆ ఇంటి వంట ఎంతవరకు వచ్చిందో నన్నే అడిగేవారు.

మా సూపర్‌వైజరు గఫార్ సాబ్ ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు. కాల్ కలిపాక కూడా నేను వింటున్నానని ఆయనకు తెలిసిపోయింది.

"ఏం రాజేశం, ఇయ్యాల ఏం కూర?"

"బీరకాయ, సాబ్."

"మంచిగున్నది. రేపటి సంది నువ్వు కాంట్రాక్టరు ఇంట్లనే నౌకరి చెయ్. ఈడ లైన్ కలుపుడే మన పని. లోపల బీరకాయ పోతున్నదా, బంగారం పోతున్నదా, నీకెందుకు ఫికర్?"

ఆ మాట అప్పుడు తిట్టులాగా వినపడింది. అది పాఠమని అర్థం కావడానికి నాకు రెండో ఉద్యోగం దాకా పట్టింది. నా బుర్రకు ఎప్పుడూ స్పీడు తక్కువే.

నీళ్లలాగా నెట్టు

టెలిఫోన్ శాఖ నుంచి ముందుగానే రిటైర్మెంటు తీసుకొని బయటికొచ్చాక, సిరిసిల్ల వైపు ఒక చిన్న మరమగ్గాల ఊళ్లో కేబుల్ ఇంటర్నెట్ నడిపే చంద్రమౌళి దగ్గర చేరాను. ఊరంతా ఆయన్ను మౌళన్న అంటుంది. మంచివాడు. కష్టం వస్తే ఎవరింటికైనా నిచ్చెన భుజాన వేసుకొని తనే వెళ్లేవాడు. ఒక్కటే చిక్కు. ఆయన తండ్రి ఆ ఊళ్లో నీళ్లు విడిచే మనిషి. పొద్దున ఒక గల్లీకి, సాయంత్రం ఇంకో గల్లీకి వాల్వు తిప్పుకుంటూ బతికాడు. మౌళికి ఇంటర్నెట్టు కూడా ట్యాంకులోంచే వస్తుందని గట్టి నమ్మకం.

కంపెనీ పెట్టిన కొత్తలో ఆయన నిజంగానే గల్లీల వారీగా నెట్ విడిచేవాడట. నేను చేరిన రోజుల్లో కూడా ఆడవాళ్లు దారిలో ఆపి అడిగేవారు: "సారూ, మా గల్లీకి నెట్ ఎప్పుడు ఇడుస్తరు? పట్టుకుందామంటే బిందెలు సుత ఖాళీ లేవు." సగం నవ్వులాట, సగం నిజం.

అది మాన్పించేసరికి ఇంకో సమస్య మొదలైంది. సాయంత్రం షెడ్లు వదిలాక ఊరంతా ఒక్కసారి ఫోన్లు తీస్తుంది. అందరి తెర మీదా గుండ్రం తిరుగుతుంది. ధర్మపురి నరసింహస్వామి పూజ ఫోన్‌లో చూసే భజన మండలి పెద్దమనిషి ఒకాయన మా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు.

"మౌళీ, హారతి పళ్లెం సగం లేచి ఆగింది. పావుగంట సంది అయ్యగారు అట్లనే నిలవడ్డడు. పాపం ఎవలకు తగుల్తది, నీకా, మాకా?"

మౌళి భయపడిపోయాడు. నా వైపు తిరిగి, "సార్, రూటర్ల ముందు ఎన్క అని పెట్టొస్తదా?" అన్నాడు.

వస్తుందని చెప్పడం నా ఖర్మ. అందరి నెట్‌నూ ఒకే తీరుగా పంపాలని, ఒకదాన్ని ముందుకు తోసి ఇంకోదాన్ని వెనక ఆపకూడదని ప్రభుత్వం నిబంధన పెట్టిందని కూడా చెప్పాను. ఆయన చెయ్యి ఊపాడు.

"గా రూలు ఢిల్లీల ఉన్నది సార్. గీ గల్లీల హారతి ఆగింది."

రెండు వరుసలు

అలా రూటర్‌లో రెండు వరుసలు పెట్టాం. దేవుడు, వార్తలు, చదువు, సీరియళ్లు ముందు వరుస. సీరియళ్లు ఎందుకంటే మౌళి భార్య ఆ పూట ఆఫీసుకు టిఫిన్ డబ్బా తెచ్చింది, మేం మాట్లాడుకుంటుంటే అక్కడే నిలబడింది. వీడియో కాల్స్, మిగతావన్నీ ఆఖరి వరుస. ఆయన వాదన, "ముచ్చటకు ఉత్త ఫోన్ సాలదా? మొకం సూసుకుంట ఎందుకు?"

పూర్తిగా తెగిపోకుండా ఆఖరి వరుసకు కొంచెం వాటా విడిగా ఉంచాను. అది దయ వల్ల కాదు. అలా ఉంచకపోతే యంత్రం మొరాయిస్తుంది.

మొదటివారం భజన మండలి హారతి పూర్తిగా చూసింది. మౌళికి శాలువా కప్పారు. రెండోవారం నుంచి ఊరంతా ఆఫీసుకు రావడం మొదలైంది. కోడికూర దుకాణం యూసుఫ్ భాయ్ తన సీసీ కెమెరా వెనకపడిందన్నాడు: "కోడి పోయిన గంటకు గాని పోతున్నట్టు కనవడ్తలేదు భాయ్." క్షౌరశాల అంజయ్య, గిరాకీలు సినిమా చూస్తూ గడ్డం చేయించుకుంటారని, సినిమా ఆగితే తల తిప్పి చూస్తారని, అప్పుడు చెవి తెగితే బాధ్యత మాదేనని చెప్పాడు. వార్డు కౌన్సిలరు ఫిర్యాదేమీ చెయ్యలేదు. వచ్చి టీ తాగి, "మనోళ్లను జర సూసుకోవాలె" అని వెళ్లాడు.

మౌళికి ఎవరినీ కాదనడం చేతకాదు. "ఈ ఇల్లు మొత్తం ముందు వరుసల ఏయుండ్రి సార్" అనేవాడు. నేను వేసేవాణ్ని. ఒక్కొక్క ఇంటినీ ముందుకు జరుపుతూ పోయాను.

పిల్లలూ, ఈ పనిలో మీకు కనిపించే పెద్ద ప్రమాదం కరెంటు షాకు కాదు. ఎదురుగా కూర్చొని టీ తాగుతున్న మనిషి. వాడి అవసరం మన కంటికి ఆనుతుంది. రాని మనిషి అవసరం ఆనదు.

రెండు చేతులు కావాలె

అప్పుడు సరోజన వచ్చింది.

సరోజనకు పుట్టినప్పటి నుంచి వినపడదు, మాట రాదు. మరమగ్గాల షెడ్డులో పని. అక్కడ ఆమెకు ఏ లోటూ లేదు. మగ్గాల మోతలో ఎవరి మాట ఎవరికీ వినపడదు కాబట్టి అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. పోగు తెగింది, చాయ్ వచ్చింది, సేటు వస్తుండు, అన్నిటికీ సైగలున్నాయి. ఆ భాషలో సరోజన పండితురాలు. మిగతావాళ్లు తడబడుతుంటే ఆమె జోకులు వేస్తుంది. ఆమె భర్త అంబదాసుకూ వినపడదు. అతను బొంబాయి దగ్గర భీవండిలో మగ్గం నడుపుతున్నాడు.

ఆమెతో పాటు అత్త రాధవ్వ వచ్చింది. సరోజన చేతులు గాలిలో ఆడుతుంటే రాధవ్వ మాకు చెప్పింది.

"మౌళన్నా, నా కొడుకు ఫోన్‌ల ఆగిపోతుండు. చెయ్యి ఇట్ల లేపుతుండు, గట్లనే ఉంటుండు. బతికుండో బొమ్మనో ఎరుకైతలేదు."

విషయం ఏమిటంటే, సరోజన పనిచేసే షెడ్డులోనే నాలుగు మగ్గాలు ఖాళీ అయ్యాయి. అంబదాసు వస్తే ఇస్తానని సేటు ఒప్పుకున్నాడు. ఆదివారం లోపల మాట చెప్పాలి. లేకుంటే వేరేవాళ్లు కాచుకొని ఉన్నారు. అంబదాసు రావడానికి జంకుతున్నాడు. ఇంతకుముందు ఒకసారి వచ్చి, పని దొరకక, నెలలపాటు ఖాళీగా కూర్చొని తిరిగి పోయినవాడు. అతన్ని ఒప్పించాలి.

"రాసి పంపరాదా?" అన్నాడు మౌళి.

రాధవ్వ ఆ మాట చేతులతో అందించింది. సరోజన మౌళిని పై నుంచి కింది దాకా చూసి, చాలాసేపు సైగలు చేసింది.

"ఏమంటుంది?"

"రాస్తనే ఉన్నదట. ఆయన 'సూద్దాం' అని రాస్తుండట. 'సూద్దాం' అనెటోనితోని రాసుకుంట కొట్లాడరాదట. కొట్లాటకు రెండు చేతులు కావాలెనట. మొకం కావాలెనట." కొంచెం ఆగి చెప్పింది. "ఇంకోటి సుత అన్నది గని, అది నీకొద్దు తియ్."

నేను అప్పుడే ల్యాప్‌టాప్‌లో రూటర్ తెరిచాను, ఆ ఇంటిని ముందుకు జరుపుదామని. మౌళి కూడా తల ఊపబోయాడు. కాని పోతూ పోతూ రాధవ్వ నోరు ఊరుకోలేదు.

"నీ బాపు వాల్వు తిప్పేటప్పుడు మా గల్లీకి కడాకరికి బురదనీళ్లే వచ్చేటియి. నువ్వు బురద నెట్ ఇడుస్తున్నవ్. కొడుకంటే గిట్లుండాలె!"

మౌళి ముఖం ఎర్రబడింది. తండ్రి మాట ఎత్తితే ఆయన ఇక వినడు. వాళ్లు మెట్లు దిగాక నాతో అన్నాడు: "సార్, ఊరంత ముందుకొచ్చినా సరే, ఆ ఇల్లు మాత్రం ఆఖరి వరుసలనే ఉండాలె."

నేను ఆ ఇంటిని మొత్తంగా ఆఖరి వరుసకు కట్టి రూటర్ మూసేశాను. జీతం తీసుకునే మనిషికి వాదన రాకపోవడం ఒక అర్హత. నాకది పుష్కలంగా ఉంది.

ముందు నుయ్యి

ఆ వారం ఊరంతా నిజంగానే ముందుకొచ్చింది. చివరి ఇల్లు కూడా సిఫారసు తెచ్చుకుంది. అందరూ ముందు వరుసలో ఉన్నారంటే ముందు వరుస అనేది లేదని అర్థం. భజన మండలి హారతి మళ్లీ సగంలో ఆగింది. ఇప్పుడు అయ్యగారి చెయ్యే కాదు, నోరు కూడా తెరుచుకొని ఆగిపోయింది. శాలువా వెనక్కి అడుగుతారేమోనని మౌళి ఆఫీసు షట్టరు సగం దించి కూర్చునేవాడు.

ఆఖరి వరుసలో ఒక్క ఇల్లు మిగిలింది. యంత్రం మొరాయించకుండా నేను విడిగా ఉంచిన ఆ కొంచెం వాటా, ఊరంతటికీ కలిపి ఉంచినది, మొత్తం సరోజన ఒక్కదానిదే అయింది. నాకు ఆ సంగతి తట్టలేదు. నేను ముందు వరుస మరమ్మతులో మునిగి ఉన్నాను.

శనివారం సాయంత్రం యూసుఫ్ భాయ్ షట్టరు కింద నుంచి తల పెట్టాడు.

"మౌళి భాయ్, రాధవ్వ ఇంట్ల నెట్ వెన్న తీర్గ పోతున్నది. ఊరు ఊరంత ఆడనే ఉన్నది. జర వచ్చి సూడు."

మేమిద్దరం పోయి చూశాం. రాధవ్వ ఇంటి ముందు జాతర. ఇంటి పాస్‌వర్డు గోడకు సుద్దముక్కతో రాసి ఉంది. మొదట పక్కింటి ఆమె అడిగితే చెప్పిందట. తర్వాత ప్రతివాడికీ చెప్పే ఓపిక లేక రాధవ్వే రాసేసింది. అరుగు మీద భజన మండలి ఫోన్‌ను పీట మీద నిలబెట్టి కొబ్బరికాయ పక్కన పెట్టుకుంది. కౌన్సిలరు భార్య సరోజన మంచం మీద కూర్చొని సీరియల్ చూస్తోంది. అంజయ్య కుర్చీ, అద్దం తెచ్చి వాకిట్లో గడ్డం చేస్తున్నాడు. గిరాకీ సినిమా చూస్తున్నాడు. యూసుఫ్ భాయ్ అక్కడి నుంచే తన కోళ్లను కనిపెట్టుకుంటున్నాడు.

నడిమింట్లో గోడకు ఆనుకొని సరోజన. చేతిలో ఫోన్. తెర మీద అంబదాసు. చెయ్యి లేపి, అలాగే ఆగిపోయి ఉన్నాడు.

రాధవ్వ మమ్మల్ని చూసి ఏడుపు గొంతుతో అంది: "మూడొద్దులు మంచిగ మాట్లాడుకున్నరు సారూ. ఇయ్యాల ఒప్పుకునేటట్టే ఉండె. గీ మంది వచ్చిరి, వాడు ఆగిపాయె. రేపు ఆదివారం. సేటు పొద్దుగాల్నే అడుగుతడు."

"మరి అందర్ని ఎల్లగొట్టక పోయినవా?" అన్నాడు మౌళి.

"దేవుణ్ని ఎట్ల ఎల్లగొట్టాలె, నువ్వే చెప్పు."

మౌళి గొంతు సవరించుకొని జనంతో మాట్లాడాడు. "అందరు జర బందు చేయుండ్రి. ఆళ్లకు అర్జంటున్నది."

"మాది అర్జంటు కాదా?" అన్నాడు భజన మండలి పెద్దమనిషి. "హారతి ఇప్పుడే లేసింది."

"కథల పెండ్లి ఆగేటట్టున్నది, గీ ఒక్క ముక్క," అంది కౌన్సిలరు భార్య, తల ఎత్తకుండా.

అంజయ్య కత్తి పట్టుకొని, "నన్ను కదిలియ్యకుండ్రి. చెవి కాడ ఉన్న," అన్నాడు.

ఒక్కొక్కరి మాటలోనూ న్యాయం ఉంది. అదే ఆ పూట వచ్చిన చిక్కు. ఎవరిది ముందు అని తేల్చడానికి మేం నిలబడితే ఆదివారం కాదు, దసరా దాటేది.

సరోజనకు మా మాటలు వినపడవు. మా పెదవులు చూసింది. అందరి తెరల వైపు చూసింది. లేచి నింపాదిగా గోడ దగ్గరికి నడిచి రూటర్ ప్లగ్గు పీకేసింది.

హారతి ఆగింది. పెండ్లి ఆగింది. గిరాకీ తల తిప్పాడు. చెవి బతికింది. వాకిలంతా ఒక్కసారి ఆమె వైపు చూసింది. సరోజన ఫోన్ చీరె కొంగులో దోపుకొని, రెండు చేతులూ ఖాళీ చేసుకొని మొదలుపెట్టింది. భర్తతో పెట్టుకోవాల్సిన కొట్లాటంతా మాతో పెట్టుకుంది. షెడ్లలో పనిచేసేవాళ్లకు అంతా అర్థమైంది. వాళ్లలో కొందరు తలలు దించుకున్నారు. భజన మండలి పెద్దమనిషి కూడా ఒకప్పుడు మగ్గం నడిపినవాడే. ఆయన నెమ్మదిగా కొబ్బరికాయ తీసి సంచిలో వేసుకున్నాడు.

"ఏమంటుందవ్వా?" అన్నాడు మౌళి.

"నువ్వు ఎవలను ముందు పెడ్తవో, ఎవలను ఎన్క పెడ్తవో ఆమెకు వద్దట. ఆమెను ముందు సుత పెట్టొద్దట. అందరి తీర్గ ఉంచితే సాలట." రాధవ్వ ముక్కు చీదింది. "నేను నీ బాపును అన్నదానికి సుత తిడుతున్నది నన్ను. ఆయన మంచోడే ఉండె, మౌళీ. నీళ్లే తక్కువుండె."

మౌళి పీటను పక్కకు జరిపి అరుగు మీద చోటు చేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"తీసెయ్యుండ్రి సార్. ముందు వద్దు, ఎన్క వద్దు."

"రేపు వాళ్లంతా ఆఫీసుకొచ్చి అడుగుతారు."

"రానియ్యుండ్రి. షట్టరు మొత్తం లేపే కూసుంట."

అక్కడే అరుగు మీద కూర్చొని, ల్యాప్‌టాప్ తెరిచి, నెలన్నర పాటు కట్టిన వరుసలన్నీ తీసేశాను. కట్టడానికి పట్టినంతసేపు పట్టలేదు. సరోజన ప్లగ్గు పెట్టింది. నెట్టు అద్భుతంగా ఏమీ రాలేదు. సాయంత్రం అందరికీ ఎంత రావాలో అంత వచ్చింది. హారతి కొంచెం మసకగా కనిపించింది. అంబదాసు ముఖం కూడా మసకగానే ఉంది, కాని చెయ్యి కదిలింది.

జనం పోలేదు. కొట్లాట మంచి రసపట్టులో ఉంది. కౌన్సిలరు భార్య సీరియల్ ఆపేసి ఇది చూసింది. షెడ్డు వాళ్లు పక్కవాళ్లకు చెప్పసాగారు: "అగో, మల్ల ఖాళీగ కూసోవెడ్తవా అంటుండు... నేను రెండు మగ్గాలు నడుపుతలేనా, నువ్వు నాలుగు నడుపవా అంటున్నది... గిప్పుడు ఆళ్ల చెల్లె పెండ్లి ముచ్చట తీసిండు, గది అసలు సంబంధమే లేదు..." చివరికి అంబదాసు రెండు చేతులూ దించేశాడు. సరోజన కూడా దించింది. తర్వాత అంబదాసు ఒక్క చెయ్యి లేపి చిన్న సైగ చేశాడు.

"ఏమన్నడు?" అన్నాడు మౌళి గుసగుసగా, ఎవరికి వినపడుతుందని అనుకున్నాడో.

"బండెక్కుతుండు," అంది రాధవ్వ.

నేను తీసేసిన కనెక్షన్

ఆ తర్వాత సాయంత్రాలు మా నెట్టు మీద ఫిర్యాదులు ఆగలేదు. కాని ఫిర్యాదులన్నీ ఒకే రకంగా ఉండేవి. దాంతో ఏం చెయ్యాలో తెలిసింది. మౌళి పై నుంచి ఇంకొంచెం ఎక్కువ లైను కొన్నాడు. ట్యాంకు చిన్నదైతే పెద్దది కట్టాలి, వాల్వు దగ్గర కూర్చొని పంచాయితీ చెయ్యకూడదని ఆయనే అన్నాడు. ఆ మాట నేను అనలేదు. ముందే అని ఉండాల్సింది నేనే.

మీరు చేరబోయే చోట ఎవరో ఒక పెద్దాయన మంచి మనసుతోనే వచ్చి, ముఖ్యమైనవాటిని కొంచెం ముందుకు జరపమంటాడు. ఆయన చెప్పింది నిజంగా ముఖ్యమైనదే అయి ఉంటుంది. జరపకండి. ఒకటి జరిపితే రెండోది అడుగుతుందని మాత్రమే కాదు. మీరు కూర్చున్న చోటు నుంచి, తెర మీద ఆడే రెండు చేతులవి ఉత్త ముచ్చటో, ఒకరి బతుకో మీకు తెలియదు. నాకు తెలియలేదు.

అంబదాసు వచ్చిన తర్వాత వారం, పది రోజులకు ముగ్గురూ ఆఫీసుకు వచ్చారు. అంబదాసు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. అతన్ని మసక లేకుండా చూడటం నాకు అదే మొదటిసారి. చంకలో రూటర్ ఉంది, వైరు నీటుగా చుట్టి ఉంది. దాన్ని టేబుల్ మీద పెట్టాడు.

"ఏమైంది? పాడైందా?" అన్నాడు మౌళి కంగారుగా.

"మంచిగనే ఉన్నది," అంది రాధవ్వ. "కనెక్షన్ తీసెయ్యుండ్రి. పక్కపక్క మగ్గాలే దొరికినయ్. ఇగ దీంతోని ఏం పని?"

మౌళి బతిమాలాడు. సినిమాలు చూసుకోండన్నాడు. పాటలు వినండి అని కూడా అనబోయి ఆగాడు. సరోజన నవ్వింది, అంబదాసుకు చెప్పింది, అతనూ నవ్వాడు. అంతలోనే దేని గురించో ఇద్దరూ మొదలుపెట్టారు. టేబుల్ మీద నా చాయ్ గ్లాసు ఒలికింది. వాళ్లు చూడలేదు. చేతులు ఆడించుకుంటూనే మెట్లు దిగిపోయారు.

నేను కనెక్షన్ తీసేశాను. సర్వీసులో అలా సంతోషంగా తీసేసింది అదొక్కటే.

రాధవ్వ గుమ్మం దగ్గర వెనకబడింది. వీధిలో పోతున్న వాళ్లిద్దరినీ చూస్తూ తల కొట్టుకుంది.

"అప్పుడే నయముండె సారూ. ఫోన్‌ల కొట్లాడితె బటన్ ఒత్తితె బందయ్యేది. ఇప్పుడు పొద్దుగాల సంది గిదే లొల్లి, చప్పుడు లేదు, ఆపుదామంటే బటన్ లేదు."